నంబరు లేని కలలు

నదూర్, గోజో దీవి
మార్చి 6

ఒరేయ్ విస్తిన్,

ఈ ఉత్తరం రాస్తున్న చెయ్యి పక్కింటి గ్రెత్స్యాది. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో చేసి రిటైరైన చెయ్యి. మాట మాత్రం నాది, మీ పెద్దమ్మ ఫిలుమేనాది. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. మాటకి లోటు లేదనీ తెలుసు. గ్రెత్స్యా ‘ప్రియమైన’ అని మొదలుపెట్టబోయింది. కొట్టేయించాను. ప్రియమైనవాడివో కాదో నీ జవాబు వచ్చాక తేలుతుంది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చెయ్యను. నా గొంతు నీ దగ్గర ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువ ఉంది. ఇక నీకేదైనా కాగితం మీదే.

జరిగింది విను. మొన్న మంగళవారం పొద్దున్నే రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డాను. సముద్రం మీది మంచు కొండెక్కి వచ్చి వీధంతా నింపేసింది. చర్చి గోపురాలు కనిపించడం లేదు, గంట మాత్రం ఎక్కడో గాలిలోంచి వినిపిస్తోంది. నా ముందు లుబిట్సా నిలబడి ఉంది. వృద్ధాశ్రమంలో పనిచేసే సెర్బియా పిల్ల. ఆమె కోటు జేబులోంచి టకటక, టకటక అని చప్పుడు. లేసు అల్లేటప్పుడు కర్ర కండెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. నావే ఆ కండెలు. ఒకటి చీలిపోయింది కాబట్టి నాలుగు చప్పుళ్ళు ఖణీమని, ఐదోది బొంగురుగా మోగుతుంది. ఆ వెంటనే ఒక గొంతు. నా గొంతే, నాకు రాని భాషలో ఎంతో ముద్దుగా మాట్లాడుతోంది.

నేనింకా మంచం మీదే ఉన్నాననుకున్నాను. ఇదంతా కల, ఇంకాసేపట్లో కోడి కూస్తుంది, లేచి కాఫీ పెట్టుకోవాలి అనుకున్నాను. మోకాళ్ళు నొప్పి పుడుతుంటే తెలిసింది, మెలకువగానే ఉన్నానని.

“ఎవరే నీ జేబులో?” అన్నాను.

“అమ్మమ్మ.”

“ఏ అమ్మమ్మ?”

“అందరి అమ్మమ్మ. కల చెప్తే నంబర్లు ఇస్తుంది. వాటి మీద పందెం...” అని వెనక్కి తిరిగి నా మొహం చూసింది. “ఇంకోసారి మాట్లాడండి,” అంది. మాట్లాడాను. పిల్ల చేతిలోని ఖాళీ సంచి కింద పడింది.

ఇంటికి తీసుకొచ్చి లవంగం వేసి కాఫీ ఇచ్చాను. ఫోను తెరిచి చూపించింది. నీ కంపెనీ గుర్తు, ఆ నీలి పడవ, గ్రెత్స్యా కూడా చూసింది. ఆట పేరు ‘అమ్మమ్మ కలలు’ అట. ఈ పిల్లకి మూడు వారాలుగా ఒకటే కల. చనిపోయిన తల్లి తడి జుట్టుతో గుమ్మంలో నిలబడుతుంది. ఏమీ మాట్లాడదు.

“దీనికి అమ్మమ్మ ఏం చెప్పింది?”

“మూడు నంబర్లు.”

“రోజూనా?”

“రోజూ. అమ్మమ్మ ఎప్పుడూ కాదనదు.”

ఒరేయ్, ఆ నోరు నాది. అది ఎప్పుడు కాదనలేదు? యాభై ఏళ్ళు ఈ ఊరు పరగడుపున నా గుమ్మం ముందుకొచ్చి కలలు చెప్పుకుంది, లాటరీ కొట్టుకి వెళ్ళే ముందు. పది మంది వస్తే ఏడుగుర్ని వెనక్కి పంపేదాన్ని. మాట్లాడని మృతులకి నంబరు లేదు. ఏడుస్తూ లేచిన కలకి లేదు. కడుపుతో ఉన్నదాని కల దానిది కూడా కాదు, లోపలి బిడ్డది, దానికి అసలే లేదు. గాడిద మెట్లెక్కితే ముప్ఫై ఒకటి, సరే, వెళ్ళి ఆడుకో. నవ్వుకునే కలలకి నంబరు ఉంటుంది. నొప్పికి ఉండదు.

నీకు తొమ్మిది పొద్దులు కూర్చుని ఇదంతా చెప్పాను. నేను కాదన్న మాటలన్నీ ఎక్కడ పెట్టావు? నాకు ఆ జవాబు కావాలి.

ఫిలుమేనా

---

శాన్ జిల్యాన్, మాల్టా
మార్చి 19

ప్రియమైన పెద్దమ్మా,

నేను ప్రియమైన అనే రాస్తున్నాను, కొట్టేయకు.

నీ ఉత్తరం మా రిసెప్షన్‌కి వచ్చింది. అక్కడి అమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని పదకొండో అంతస్తు దాకా తెచ్చింది. చేత్తో రాసిన ఉత్తరం ఈ భవనంలోకి రావడం ఇదే మొదలట. అందరూ వచ్చి గ్రెత్స్యా అత్త దస్తూరీ చూసి వెళ్ళారు.

పన్నెండేళ్ళ కిందట నీ మేడ మీది గదిలో మూడు కంప్యూటర్లతో మొదలుపెట్టాను గుర్తుందా? ఒక పక్క టమాటాలు ఎండుతుండేవి, ఒక పక్క మేం ఫుట్‌బాల్ పందేలు కట్టించేవాళ్ళం. “ఏం చేస్తున్నార్రా పైన?” అని నువ్వు కింద నుంచి అరిస్తే “పని!” అనేవాళ్ళం. “చప్పుడు రాని పని ఏం పని?” అనేదానివి. మూడేళ్ళ కిందట ఆ కంపెనీ మునిగిపోబోయింది పెద్దమ్మా. మావంటివి ఈ ఒక్క వీధిలోనే ముప్ఫై ఉన్నాయి. అందరివీ అవే తిరిగే జూదపు చక్రాలు, వాటి మీద అవే పండ్ల బొమ్మలు. అప్పుడు నాకు నీ గుమ్మం గుర్తొచ్చింది. అందుకే వచ్చి తొమ్మిది పొద్దులు రికార్డు చేసుకున్నాను. అప్పుడు నలభై మందిమి, ఇప్పుడు మూడు వందల ఇరవై. పద్నాలుగు భాషలు. యంత్రం నీ గొంతు నేర్చుకుంది, ఏ భాషలోనైనా నీలాగే మాట్లాడుతుంది. కండెల చప్పుడు తీసేద్దామనుకున్నాం గానీ, అది వింటే ప్రాణం కుదుటపడుతుందని అందరూ రాశారు.

ఇక్కడ గోడంత తెర ఉంది. దాని మీద దేశాలన్నీ చీకటిగా కనిపిస్తాయి. ఎక్కడైనా ఎవరైనా కల చెప్పుకుంటే అక్కడొక దీపం వెలుగుతుంది. తెల్లవారడం తూర్పు నుంచి పడమరకి నడుస్తూ వస్తుంటే దీపాలు దాని వెంటే వస్తాయి. ఫిన్లాండులో ఒకాయన వంటింట్లో దుప్పి నిలబడి ఉప్పు అడిగిందని చెప్పాడు. పోర్చుగల్‌లో ఒకామె బడి గంట నిండా పాలు ఉన్నాయని చెప్పింది. నేను రోజూ కాఫీ పట్టుకుని ఆ తెర ముందే నిలబడతాను. నువ్వొకసారి వచ్చి చూస్తే కోప్పడలేవు.

కాదన్న మాటలు ఆటలో ఇమడలేదు, అంతే. చక్రం తిరగాలి కదా.

దీంతోపాటు ఒక కాగితం పంపుతున్నాను. ఆఫీసువాళ్ళకి కాగితాలు శుభ్రంగా ఉండాలి. కింద సంతకానికి బదులు నీ శిలువ గుర్తు పెట్టి, సాక్షిగా గ్రెత్స్యా అత్త సంతకం చేయించి పంపు. నీ పైకప్పు కురుస్తోందని విన్నాను. మేస్త్రీని నేనే పంపిస్తాను.

నీ విస్తిన్

---

నదూర్
ఏప్రిల్ 2

విస్తిన్,

మేస్త్రీ వచ్చాడు. వెనక్కి పంపించాను. ఆ కప్పు మీ పెదనాన్న పోయినప్పటి నుంచి ఒకే చోట కురుస్తోంది. దాని కింద పెట్టే గిన్నె కూడా దానికి తెలుసు.

కాగితం గ్రెత్స్యా మూడుసార్లు చదివింది. మొదటిసారి చదివి “మామూలు కాగితమే అక్కా” అంది. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుంది. మూడోసారి “వీడు నిన్ను అమ్మేస్తున్నాడు” అంది. కంపెనీని ఎవరో పెద్దవాళ్ళకి అమ్ముతున్నావట. నా గొంతూ, కండెల చప్పుడూ, నేను చెప్పిన తీరూ అన్నీ వాళ్ళకి ఎప్పటికీ చెందుతాయని, ఇందుకు నేను సంతోషంగా ఒప్పుకున్నానని అందులో ఉందట. ‘సంతోషంగా’ అని ఉందా అని అడిగాను. ఉందట. నా సంతోషం కూడా నువ్వే రాసేశావు.

“శుభ్రంగా ఉండాలి” అన్నావు గానీ అమ్మకం సంగతి రాయలేదు. మీ అమ్మ కూడా ఇంతే. దాచాల్సింది ఉంటే చక్కగా వేరే కబుర్లు చెప్పేది.

నాకు నీ యూరోలు వద్దు. కంపెనీ అమ్ముకో, కొనుక్కో, పదకొండు అంతస్తుల మీద ఇంకో పదకొండు వేసుకో. నేను అడిగేది ఒక్కటే. కాదన్న మాటలు తిరిగి పెట్టు. ఎవరైనా నొప్పి చెప్పుకుంటే “దీనికి నంబరు లేదు తల్లీ, ఇంటికెళ్ళు, వేడిగా ఏదైనా తాగు” అని నా గొంతుతోనే చెప్పించు. ఆ మాట పెట్టిన రోజున శిలువ గుర్తు పెడతాను. ఒకటి చాలకపోతే మూడు పెడతాను.

లుబిట్సా ఇప్పుడు రోజూ డ్యూటీకి వెళ్తూ ఇక్కడ ఆగుతోంది. నేను ఆమె కల వింటాను. “దీనికి నంబరు లేదు” అంటాను. తల ఊపుతుంది, కాఫీ తాగుతుంది. వీధి మలుపు తిరగ్గానే జేబులోని అమ్మమ్మని అడుగుతుంది. ఆ అమ్మమ్మ ఇస్తుంది. నా మీద నేనే గెలుస్తున్నానురా, ఇంత వింత ఏ కలలోనూ చూడలేదు.

ఫిలుమేనా

---

శాన్ జిల్యాన్
ఏప్రిల్ 28

పెద్దమ్మా,

అమ్మకం సంగతి దాచడం తప్పే. ఇంకొకటి కూడా దాచాను. చెప్పేస్తున్నాను.

కాదన్న మాటలు ఆటలో ఇమడలేదని రాశాను కదా, అది నిజం కాదు. ఇమిడాయి. నిరుడు చలికాలం ఒక చిన్న దేశంలో పదకొండు రోజులు పెట్టి చూశాం. నువ్వు చెప్పినట్టే. మాట్లాడని మృతులు వస్తే వద్దంది, ఏడుపు కలలు వస్తే ఇంటికెళ్ళమంది. జనం కోప్పడతారనుకున్నాం. కోప్పడలేదు. “సరే అమ్మమ్మా” అని రాసి నిజంగానే వెళ్ళిపోయారు. ఐదుగురిలో ఒకరు మళ్ళీ రాలేదు. తెర మీద ఆ దేశం ఒక్కటే మెల్లగా చీకటి పడింది. గదిలో అందరూ నావైపు చూశారు. పన్నెండో రోజు నేనే తీయించేశాను.

ఎక్కువ పందెం కాసేవాళ్ళు ఎవరో తెలుసా? ఏడుపు కలలవాళ్ళే. గాడిద మెట్లెక్కిన కల వచ్చినవాడు రెండుసార్లు ఆడి నవ్వుకుని పోతాడు. తడి జుట్టుతో తల్లి నిలబడ్డ కల వచ్చే పిల్ల మాత్రం రోజూ వస్తుంది. కొనేవాళ్ళు డబ్బు పెడుతున్నది ఆ పిల్ల మీదే.

ఇక్కడ మూడు వందల ఇరవై మందికి జీతాలున్నాయి. ఇల్లు కొన్నవాళ్ళున్నారు, పిల్లల్ని బడిలో వేసినవాళ్ళున్నారు. నేను నీ మాట పెడితే వాళ్ళందరూ ఏమైపోవాలి? నన్ను పెంచింది నువ్వూ అమ్మే. అమ్మ మీ లాటరీలో గెలిచిన డబ్బుతోనే కదా నా ఉయ్యాల కొన్నది? ఆ అదృష్టం లేకపోతే నేనెక్కడ? కొందరికి మంచి కూడా జరుగుతుంది పెద్దమ్మా. నువ్వు చేసిందే నేను కాస్త పెద్దగా చేస్తున్నాను.

జూన్ 12, గురువారం సంతకాలు. నీ శిలువ గుర్తు లేకపోతే అమ్మమ్మని అమ్మడం కుదరదు. దయచేసి పంపు.

విస్తిన్

---

నదూర్
మే 20

విస్తిన్,

నీ ఉత్తరం విని రెండు వారాలు దాటింది. గ్రెత్స్యా రోజూ కలం పట్టుకుని వచ్చి, “ఇవాళ కూడా లేదా అక్కా?” అని వెళ్ళిపోయేది. ఇవాళ చెప్తున్నాను. ఇది గ్రెత్స్యాకి కూడా తెలియదు. రాస్తూ రాస్తూ వింటోంది.

నీ ఉయ్యాల సంగతి చెప్తాను.

నువ్వు మీ అమ్మ జుదిత్తా కడుపులో ఏడో నెల. మీ నాన్నకి ఓడల రేవులో పని పోయింది. ఒక పొద్దున మా చెల్లి చెప్పులు కూడా లేకుండా వచ్చింది. మా నాన్న కలలోకి వచ్చాడంది. సముద్రంలో పోయిన మనిషి. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడట, చేతిలో బుట్ట, బుట్ట మీద తెల్ల గుడ్డ. గుడ్డ తీయలేదు. మాట్లాడలేదు. అది ఏడుస్తూ లేచింది.

మాట్లాడని మృతుడు. ఏడుపు. కడుపుతో ఉన్న మనిషి. మూడు విధాలా నంబరు లేని కల. నాకు తెలుసు. కానీ దాని పాదాలకి వీధి మట్టి అంటుకుని ఉంది, మొహం నీలంగా పాలిపోయి ఉంది. “అక్కా, ఒక్కటి ఇవ్వు” అంది. పద్దెనిమిది, నలభై ఒకటి, డెబ్భై ఏడు అన్నాను. నోటికొచ్చినవి కాదు, నిజంగా లెక్క కట్టే ఇచ్చాను.

మూడూ వచ్చాయి.

ఉయ్యాల వచ్చింది. దుప్పట్లు వచ్చాయి. ఆ మర్నాటి నుంచి జుదిత్తా రోజూ వచ్చింది. కలలు అయిపోతే మధ్యాహ్నాలు కూడా పడుకునేది, ఇంకో కల దొరుకుతుందేమోనని. తర్వాత కల్పించి చెప్పడం మొదలుపెట్టింది. కల్పించిన కల నాకు వెంటనే తెలిసిపోతుంది, దానికి మొదలూ చివరా చక్కగా ఉంటాయి. నేను పొమ్మన్నాను. ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది. ష్లెన్డి రేవులో మీ ఇల్లు నీ ఇంగ్లీషు బడి కోసం అమ్మామని నీకు చెప్పాం. బడికి ఫీజు కట్టింది నేను, లేసు అమ్మి. ఇల్లు లాటరీ కొట్టులోకి పోయింది. మీ అమ్మ చెడ్డది కాదురా. నిద్రలో కూడా వెతుక్కుంటూ ఉండేది, అంతే. పోయే ముందు కూడా నా చెయ్యి పట్టుకుని, “నాన్న బుట్టలో ఏముందో చూడలేకపోయాను అక్కా” అంది.

నేను చేసిందే పెద్దగా చేస్తున్నానని రాశావు. నిజం. నేను ఒక్కసారి చేశాను. దాని మీదే నువ్వు పదకొండు అంతస్తులు కట్టావు.

మూడు వందల ఇరవై మంది ఏమవుతారో నాకు తెలియదు. నేను చదువుకోలేదు. నీ ఆఫీసువాళ్ళ పిల్లలు బడికెళ్ళాలంటే లుబిట్సా తల్లి గుమ్మంలో అలా తడిసి నిలబడే ఉండాలా అన్నది మాత్రం అడగగలను. అడిగాను.

శిలువ గుర్తు పెట్టను.

ఫిలుమేనా

---

శాన్ జిల్యాన్
జూన్ 8

పెద్దమ్మా,

ఆ ఇంటి సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు.

పాత రికార్డింగులు తీసి మొదటి నుంచి విన్నాను. తొమ్మిది పొద్దులూ. కత్తిరించినవాటిని పారేయలేదు, ఒక పక్కన పెట్టి ఉంచాను, ఎందుకో నాకూ తెలియదు. అందులో నువ్వు రెండు వందల పద్నాలుగు సార్లు కాదన్నావు. ప్రతిసారీ కాదనే ముందు కండెలు ఆగిపోతాయి. చేతులు ఆపి చెప్తావని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ గమనించలేదు. ఐదో పొద్దున దూరంగా కోడి కూసింది, నువ్వు “ఉండు, అదేదో చెప్తోంది” అన్నావు.

నేను ఆఫీసు కుర్చీలోనే నిద్రపోయాను. అమ్మ కల వస్తుందనుకున్నాను. రాలేదు.

గురువారం సంతకాలు. అంతకుముందు రోజు పొద్దున నువ్వు రొట్టెల కొట్టుకి కాస్త త్వరగా వెళ్ళు.

విస్తిన్

---

నదూర్
జూన్ 27

నాయనా విస్తిన్,

బుధవారం నాడు వెళ్ళాను. గ్రెత్స్యాని కూడా లాక్కెళ్ళాను. ఆ పొద్దున కూడా మంచే. వీధిలో మనుషులు నడుము పైనుంచే కనిపిస్తున్నారు, కాళ్ళు లేనట్టు తేలుతూ వస్తున్నారు.

లుబిట్సా ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. కండెలు టకటకమన్నాయి. ఆగాయి. ఆ తర్వాత నా గొంతు ఆమె భాషలో నెమ్మదిగా ఏదో చెప్పింది, దీనికి నంబరు లేదనట. పిల్ల ఫోను కిందకి దింపి చూసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగాయి. మూడోసారి అడిగేసరికి “ఇన్నిసార్లు అడిగితే కల మారుతుందా పిల్లా?” అందట. అది నేను ఏడో పొద్దున ఎవరిని ఉద్దేశించి అన్నానో కూడా నాకు గుర్తుంది.

అంతలో కౌంటరు కింద నుంచి ఇంకోసారి కండెలు మోగి ఆగాయి. రొట్టెల కొట్టు స్తెల్లా! అదీ ఆడుతోందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. “ఏంటే స్తెల్లా, నీకేం కల?” అంది గ్రెత్స్యా. “నోరుమూసుకుని ఎన్ని రొట్టెలు కావాలో చెప్పు,” అంది స్తెల్లా, మొహం కందగడ్డలా చేసుకుని. వెనక వరసలో ఫాదరుగారి చెల్లెలి సంచిలో కూడా మోగింది. ఆమె ఆకాశం వైపు చూసింది, అక్కడి నుంచే వస్తోందన్నట్టు. ఐదుగురు మనుషులున్న ఆ కొట్టు దగ్గర నేను ముగ్గురిని రెండు భాషల్లో ఇంటికి పంపించాను. లుబిట్సా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. రొట్టె తీసుకుని డ్యూటీకి పోయింది.

నీ తెర మీద దీపాలన్నీ ఏమయ్యాయో నేను చూడలేదు. తూర్పు నుంచి పడమర దాకా ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చాయనుకుంటున్నాను, అందరూ లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టుకోవడానికి వెళ్ళినట్టు. పేపర్లో గ్రెత్స్యా చదివింది. మధ్యాహ్నానికల్లా ఆ ఆట ఆపేశారట. నీ భాగస్వాములే నిన్ను తీసేశారట. కంపెనీని గురువారమే కొనేశారట, కాస్త తక్కువకి, నువ్వూ నేనూ లేకుండా. మూడు వందల ఇరవై మందీ ఉన్నారట. నీకు ఆ సంగతి ముందే తెలుసేమో, తెలియదేమో. వచ్చినప్పుడు చెప్దువుగాని.

ఇప్పుడు ఇంకో అమ్మమ్మ వచ్చింది. లుబిట్సా వినిపించింది. పంచదార పాకంలాంటి గొంతు, వెనక నీళ్ళ చప్పుడు. అందరికీ నంబర్లు ఇస్తోంది. లుబిట్సా వారం రోజులు ఆడలేదు. మళ్ళీ మొదలుపెట్టిందా అని నేను అడగలేదు, తను చెప్పలేదు. పొద్దున్నే వస్తోంది, కూర్చుంటోంది.

ఆ కొత్త ముసలిది కూడా ఎవరో ఒకరి పెద్దమ్మే అయి ఉంటుంది. దాని చేత కూడా కాదన్న మాటలు చెప్పించుకుని, కత్తిరించి పారేసి ఉంటారు. దానికి తెలుసో లేదో.

కాబట్టి నేను గెలిచానని నువ్వు సంబరపడకు. గ్రెత్స్యా కొత్త కాగితాల కట్ట కొనుక్కొచ్చింది. కలంలో సిరా నింపి కూర్చుంది. ఆ కొన్నవాళ్ళకి రాయాలి. వాళ్ళ పెద్దాయన పేరేమిటి, ఏ ఊరివాడు, అతని తల్లి బతికుందా, ఉంటే ఆమె ఏ భాష మాట్లాడుతుంది, ఇవన్నీ వెంటనే రాసి పంపు. ముందు ఆమెకి రాస్తాను.

మీ పెద్దమ్మ
ఫిలుమేనా